చింతగింజల గంజి, పడవ బ్యాటరీలు

పాలిటెక్నిక్ చదివే ఆ రోజుల్లో నాకొక జబ్బు ఉండేది. ఎవరైనా "ఇది నీతో కాదు" అంటే చాలు, అది నాకు అవసరమా కాదా అని కూడా చూసుకోకుండా, చేసి చూపించేదాకా నిద్రపోయేదాన్ని కాదు. తాగే నీళ్లకే ట్యాంకర్ కోసం బిందెలు వరసలో పెట్టుకునే ఊరు మాది. అట్లాంటి ఊర్లో పుట్టి, ఆఖరు ఏడాది ప్రాజెక్టుగా రిమోట్‌తో నడిచే పడవ చేస్తానని రాసిచ్చినాను. మా సారు ఆ కాగితం రెండుసార్లు చదివినాడు. (ఆయన్ని మేమంతా ఎర్రపెన్ను సారు అనేవాళ్లం. ఆ పెన్ను జేబులోంచి బయటికొచ్చిందంటే ఎవరిదో ఒకరిది కొంప మునిగినట్లే.) "ఏమమ్మా, అనంతపురంలో పడవా? డ్రిప్పు మోటరుకు టైమరు చేసుకోరాదా, నలుగురికి పనికొస్తాది" అన్నాడు. "పడవే చేస్తా సార్" అన్నా. "నీతో కాదులేమ్మా" అన్నాడు. ఇంగ నన్ను ఆపేదెవరు? ఆయన ఆ కాగితం కిందనే ఎర్రగా రాసినాడు: పడవ చెరువులో ఒక చుట్టు తిరిగి గట్టుకు రావాల, రాకుంటే ప్రాజెక్టు కొట్టేస్తా, వచ్చే ఏడు జూనియర్లతో కలిసి మళ్లీ చేసుకోవాల. నాకు ఒక ఏడు పోతే చదువు పోయినట్లే. మా నాయన ఒక ఏడు ఓపిక పట్టే మనిషి కాదు. "అయితే అయిపోయిందను, లేకుంటే ఇంటికి రా, శెనక్కాయ చెట్లు పీకేది ఉండాది" అనే రకం.

ప్రాజెక్టులో నాకు తోడు మా క్లాసు పిల్లోడు ఒకడే. రిమోట్ ఇంకొకరి చేతికి ఇయ్యడు కాబట్టి వాన్ని రిమోట్‌గాడు అనేవాళ్లం. చెక్క, థర్మాకోలు పెట్టి పడవ బాగానే చేసినాము. తంటా అంతా బ్యాటరీలతో వచ్చె. రెండు ప్యాకులు, ఒక్కోటి అర ఇటుక బరువు, కుడి పక్క ఒకటి, ఎడమ పక్క ఒకటి పెట్టాల. ఏది జరిగినా పడవ ఆ పక్కకు ఒరిగిపోతాది. టేపు చుడితే మా ఎండకు జిగురు కారిపాయ. రబ్బరు బ్యాండ్లు వేస్తే తెగిపాయ. మూడు వారాలు నేను ఆ బ్యాటరీలతో కొట్లాడుతాంటే, మా అవ్వ అరుగు మీద కూర్చొని చూసి చూసి, "అన్నీ అంగట్లోనే దొరకాల్నా మీకు? గంజి పుయ్యి, యాడికీ పోవు" అనింది. మా ఇంట్లో కంబళ్లు నేస్తారు. చింతగింజలు నానబెట్టి, రుబ్బి, ఉడకబెట్టి కంబళికి పూస్తే ఆరినాక అది తలుపు చెక్క మాదిరి నిలబడతాది. ఆ గంజినే రెండు బ్యాటరీల కింద మందంగా పూసి, రెండు రోజులు ఎండబెట్టినాము. రిమోట్‌గాడు పడవను తలకిందులు చేసి ఊపినాడు. ఊహూ, కదల్లేదు.

నీళ్లలో పెట్టి చూద్దామని బిందె ఎత్తితే అవ్వ కట్టె ఎత్తింది. "మనుషులకే లేవు, మీ పడవకు పోయాల్నా? ముట్టుకో, చేతులిరుగుతాయి!" సరే, నీళ్లు లేకుండానే పరీక్షలు పెట్టినాము. మంచం మీద నుంచి కింద పడేసినాము. మిట్టమధ్యాహ్నం మిద్దె మీద పెట్టినాము. మా శింగనమల నుంచి అనంతపురం దాకా బస్సులో వెనక సీటులో పెట్టుకొని పోయినాము. (ఆ గుంతలకు నా నడుము పట్టేసింది గాని బ్యాటరీలకు ఏమీ కాలేదు.) "ఇంగ తుపాను వచ్చినా కదలదప్పా" అన్నాడు రిమోట్‌గాడు. నేనూ నమ్మినాను.

ఆ ఏడు వానలు పడి బుక్కరాయసముద్రం చెరువు నిండింది. పరీక్ష రోజు గట్టుకాడ పడవను నీళ్లలోకి వదిలినాక, సారు ఊరికే ఉండక, మాకు చెరువు గురించి పాఠం మొదలుపెట్టినాడు. అరగంట చెప్పినాడు. ఆ అరగంటా పడవ నీళ్లలో ఊగుతానే ఉండాది. పాఠం అయినాక రిమోట్‌గాడు మీట నొక్కినాడు. పడవ పోయింది! నేను గట్టు మీద ఎగిరినాను కూడా. సరిగ్గా మలుపు తిరిగేకాడ లోపల ఏదో దడేల్‌మనింది. పడవ ఒక పక్కకు ఒరిగి, గానుగెద్దు మాదిరి ఒకే చోట గిరగిరా తిరగబట్టె. నేను మోకాళ్లదాకా బురదలో దిగి పట్టుకొచ్చినా. మూత తీస్తే లోపలికి నీళ్లు ఊరి, మా అవ్వ గంజి మళ్లీ గంజి అయిపోయింది, బ్యాటరీలు అందులో ఈదుతాండాయి. ఎండకు, దెబ్బకు, బస్సుకు, అన్నిటికీ తట్టుకునేలా చేసినాము, ఒక్క నీళ్లకు తప్ప. పడవ లోపలికి నీళ్లు ఊరుతాయని మా ఇద్దరికీ తోచనే లేదు, కరువు సీమ బుర్రలు!

సారు ఎర్రపెన్ను తీసినాడు. "సార్, ఒక గంట ఇయ్యండి" అన్నా. "దేంతో కడతావమ్మా ఈడ?" అన్నాడు. నిజమే, చుట్టూ కంపచెట్లు, రాళ్లు తప్ప ఏమీ లేవు. ఏడుపొచ్చి తల దించుకున్నా. దించుకుంటే సారు కాళ్లు కనపడినాయి. అతికించుకునే వెల్‌క్రో పట్టీల చెప్పులు, ఒక్కోదానికి రెండు పట్టీలు. "సార్, మీ చెప్పులు ఇస్తారా?" రిమోట్‌గాడు భయపడి రెండడుగులు వెనక్కి పోయినాడు. "ఏమన్నావు?" అన్నాడు సారు. "చెప్పులు సార్. పట్టీలు కోసుకుంటా. ఇది కూడా నిలబడకుంటే మీరే కొట్టేయండి, నేను నోరెత్తను." ఆయన నా ముఖం వైపు, చెప్పుల వైపు చూసి, "మొన్ననే కొన్నానమ్మా" అని దిగులుగా అని, విప్పి ఇచ్చినాడు. పడవలోని నీళ్లు, గంజి తుడిచేసి, బ్లేడుతో నాలుగు పట్టీలు కోసి, పడవ అడుగునున్న అడ్డపుల్లల కింద దూర్చి, బ్యాటరీల మీదుగా లాగి, ఒకదాని మీదొకటి అతికించినాను. గట్టు రాళ్లు కాలుతాంటే సారు కాసేపు ఒంటికాలి మీద, కాసేపు ఇంకో కాలి మీద నిలబడి, చివరికి ప్యాంటు మడుచుకొని నీళ్లలోకే దిగినాడు. పడవ పోయింది, మలుపు తిరిగింది, ఒరగలేదు, నేరుగా వచ్చి ఆయన మోకాళ్లకే తగిలింది. "టైమరు చేసుకోమంటి గదమ్మా, నా చెప్పులన్నా మిగిలేవి" అంటా సారు ఆ ఎర్రపెన్నుతోనే సంతకం పెట్టినాడు. నేను నవ్వుతా ఏడ్చినాను.

ఇప్పుడు నేను బ్యాటరీ స్కూటర్లు బాగుచేసే చోట పనిచేస్తాండా. లోపల ప్యాకు బిగించే ఒక బెల్టు కావాలంటే పైవాళ్లకు మూడు కాగితాలు రాసి, వారం రోజులు నోరు మూసుకొని కాసుకుంటా. రాసేటప్పుడు అప్పుడప్పుడు చెరువుకాడి నేను, ఆ బురదకాళ్ల పిల్ల, గుర్తొస్తాది, నవ్వొస్తాది. అదంటే నాకు కొంచెం భయం, చానా ఇష్టం. అది వచ్చి నా కాగితాలు చూస్తే "ఏమక్కా, మీ ఆఫీసులో ఎవరి కాళ్లకూ చెప్పులు లేవా?" అని అడుగుతాదేమో.