కడుపుల పళ్ళుంటయా?

భోజనం కాగానే మా అత్తగారు ఎడమ పక్కటెముకల కింద అరచెయ్యి పెట్టుకుని కాసేపు కదలకుండా కూర్చునేవారు. ఎవరైనా పిలిస్తే, "ఆగుండ్రి, లోపల పని నడుస్తున్నది" అనేవారు. రాయచూరులో బడిపిల్లలకు సైన్సు చెప్పి రిటైరైన మనిషి ఆవిడ.

నేను గిల్లేసూగూరు దగ్గర, ఆంధ్రా నుంచి వలసొచ్చిన రైతుల క్యాంపులో వరి అన్నం తిని పెరిగిన ఆంధ్రా పిల్లని. కాపురానికొచ్చిన కొత్తలో జొన్నరొట్టెను పప్పులో నానేసి, అన్నం ముద్దలాగే గుటుక్కున మింగేదాన్ని. కడుపు బండరాయిలా బరువెక్కేది. ఈ ఇంటి తిండి నాకు నచ్చలేదనుకుంటారేమోనని పైకి చెప్పలేదు. అయినా ఆవిడ కనిపెట్టేశారు.

ఒక పొద్దున నన్ను పిలిచి, వేడినీళ్ళు పోసి కలిపిన జొన్నపిండి నా ముందు పెట్టారు. "పిసుకు బిడ్డా. నీ జీర్ణాశయం గూడ గిదే చేస్తది. దాని గోడల మూడు వరుసల కండలుంటయి, మూడు దిక్కుల పిసుకుతయి. ఆమ్లం కలిపి, జావ చేసి, కొంచెం కొంచెం పేగులకు వదుల్తది. గానీ నమలనీకి కడుపుల పళ్ళుంటయా? ఆ పని నీదే."

ఆ రోజు తన కంచం ఖాళీ అయినా, నేను నమిలి నమిలి తినడం అయ్యేదాకా ఆవిడ నా పక్క నుంచి లేవలేదు.

ఇప్పుడావిడ లేరు. మొన్న మా అమ్మ క్యాంపు నుంచి వచ్చింది. నేను తినేసి పక్కనే కూర్చున్నాను. అమ్మ రొట్టె గబగబా మింగుతుంటే, "మెల్లగ నమలమ్మా, కడుపుల పళ్ళుంటయా?" అన్నాను.

అమ్మ నవ్వింది. "అచ్చం మీ అత్తగారేనే! ఆ చెయ్యి కూడానూ."

చూసుకుంటే నా అరచెయ్యి ఎడమ పక్కటెముకల కింద ఉంది.