వాలుగా కూర్చున్న ఇంజన్

ఉదయగిరి చుట్టుపక్కల బావుల్లో ఆయిలింజన్లు దించడం మా ఆయన పని. సీతారామపురం నుంచి కలువాయి దాకా ఆయన్నే పిలిచేవాళ్లు. ఎండలకు నీళ్లు అడుక్కి పోతే పైనుంచి పంపు లాగలేదు. ఇంజన్ని మోకులతో బావి లోపలి రాతిమెట్టు మీదికి దించాలి. దించాక దాని మీద పళ్లెంలో నీళ్లు పోసి పెట్టేవాడు. నీళ్లు అన్ని అంచుల్నీ సమంగా తాకేదాకా కింది చెక్కలు సర్దుతూనే ఉండేవాడు.

మా సొంత ఇంజన్‌కు నూనె చూసే పని నాది. లోపల తిరిగే కడ్డీ అడుగునున్న నూనెను గరిటెలా చిమ్ముతుందనీ, ఆ తుంపరే అన్నిటికీ తడి అనీ ఆయనే చెప్పాడు. పక్కనున్న నూనెపుల్ల తీసి, తుడిచి, మళ్లీ ముంచి, గీత దాకా తడిసిందో లేదో చూడాలి. అంత బరువు ఎగిరిపడకుండా ఎట్లా తిరుగుతుందని అడిగితే, నా రెండు చేతులూ పట్టుకుని కళ్లంలో గిర్రున తిప్పాడు. ఒప్పులకుప్పలో ఒకరు అటు వాలితే ఇంకొకరు ఇటు వాలినట్టు, లోపల కొట్టుకునే బరువుకు ఎదురుగా చక్రంలో ఇంకో బరువు ఉంటుందన్నాడు. అది చూసి మా అత్త వారం రోజులు సణిగింది.

ఆ ఎండాకాలం మా నిమ్మ మొక్కలు వాడిపోతున్నాయని, ఒళ్లు కాలే జ్వరంతోనే ఇంజన్ని ఇంకో మెట్టు కిందికి దించాడు. పళ్లెం అడగలేదు. నేనూ గుర్తు చేయలేదు.

మర్నాడు పుల్ల ముంచి చూశాను. గీత దాకా నూనె ఉంది. కాస్త పొద్దెక్కాక ఇంజన్ కీచుమని అరిచి, పెద్ద చప్పుడుతో ఆగిపోయింది. కడ్డీ విరిగి అడుగుపెట్టెను పగలగొట్టింది. నూనె బావినీళ్ల మీద తేలింది.

"నూనె చూసినావా?" అన్నాడు.

"చూసినా."



ఆత్మకూరు నుంచి మెకానిక్ వచ్చేసరికి ఆయన గట్టు మీద దుప్పటి కప్పుకుని పడుకుని ఉన్నాడు. మెకానిక్‌తో నేనే బావిలోకి దిగాను. అతను ఒక గులకరాయి తీసి చెక్క మీద పెట్టాడు. దొర్లిపోయింది.

"వాలుగా ఉండాదమ్మా. నూనంతా పుల్ల పక్కకు చేరింది. పుల్లకు నిండుగా కనపడింది, కడ్డీకి చుక్క అందలా. ఎవరు దించింది?"

సొంత బావిలోనే వాలుగా దించాడని తెలిస్తే, ఆయన చేతికి ఇంకెవరూ మోకు ఇవ్వరు.

"నూనె తగ్గినా నేను చూసుకోలేదని చెప్పన్నా."

"నీకేమన్నా పిచ్చా తల్లీ?"

"అట్లనే చెప్పు."

అతను పైకెక్కి మా ఆయనతో అట్లాగే చెప్పాడు. నేను చాలాసేపు కిందే ఉన్నాను.

నిమ్మ మొక్కలన్నీ ఎండిపోయాయి. పీకి పొయ్యిలో పెట్టుకున్నాం. ఇంజన్ బాగయ్యాక పుల్ల ఆయనే చూసుకునేవాడు. ఊరికి వెళ్తే ఎవరినో ఒకరిని పెట్టి వెళ్లేవాడు. జలదంకి నుంచి వచ్చిన చుట్టం ఒకాయన, ఇంట్లో మనిషి ఉండగా ఎందుకని అడిగాడు.

"దానికి అప్పజెప్పబాకండి. చూడకుండానే చూసినానంటాది," అన్నాడు నవ్వుతూ. నేను వాళ్లకు అన్నం వడ్డిస్తూ ఉన్నాను.

ఆయన బతికున్నప్పుడు నాకు రాయడం రాదు. నోటితో చెప్పడం వచ్చు. చెబుదామనుకున్నప్పుడల్లా ఏదో ఒక ఊరివాళ్లు, తమ బావిలో ఇంజన్ దించాలని ఆయన కోసం వాకిట్లో నిలబడి ఉండేవాళ్లు.