సగం తాబేలు

అన్న పోయిన మరుసటి రోజు పొద్దున బళ్లారి సత్యనారాయణపేటలో మా వీధి మలుపు దగ్గర ఆయన ఫ్లెక్సీ కట్టారు. పైన కన్నడంలో భావపూర్ణ శ్రద్ధాంజలి. కింద నల్లకళ్లద్దాలు పెట్టుకున్న అన్న. ఆయన పక్కన వరసగా ఒక మొసలి, ఒక అడవిపంది, ఒక దున్నపోతు. దున్నపోతు నవ్వుతోంది.

దేశనూరు నుంచి వచ్చిన మా దూరపు పెద్దమ్మ, యముడి వాహనాన్ని మరిచిపోకుండా వేయించినందుకు అందరినీ మెచ్చుకుని, దానికే దండం పెట్టి లోపలికి వచ్చింది. దుఃఖం మీద రాసిన పుస్తకాలు కొన్ని చదివాను. దున్నపోతు విషయంలో అవేవీ పనికిరాలేదు.

ఫ్లెక్సీ కట్టించింది అన్న స్నేహితులు. ప్రేమతోనే కట్టించారు. చనిపోయిన మనిషి పక్కన ఈ జంతువులెందుకని అడిగితే వాళ్లలో ఒకాయన నా అజ్ఞానానికి జాలిపడ్డాడు.

"అట్లంటావేందప్పా? మీ అన్న మొకం ఎంతమందికి తెల్సు? దున్నపోతంటే పిల్లోల్లందరికీ తెల్సు."

అది నిజమే. అన్న పని డబ్బింగ్. పరాయి భాషల్లో తయారై వచ్చే పిల్లల కార్టూన్లకు తెలుగు గొంతు ఇచ్చేవాడు. వయసులో ఉండగా సినిమాల్లో నటుడు కావాలని హైదరాబాదు పోయాడు. అక్కడ ఆయన ముఖం ఎవరికీ అక్కర లేకపోయింది కానీ గొంతు నచ్చింది. గొంతు కంటే యాస ఎక్కువ నచ్చింది. "అన్నా, బండ్లు వస్తాండాయి" అని కేకవేసి, ఆ వెంటనే బాంబు దెబ్బకు చచ్చిపోయే ఫ్యాక్షన్ సినిమా అనుచరుల గొంతు అంతా కొన్నేళ్లపాటు మా అన్నదే. తర్వాత కార్టూన్లు వచ్చాయి. అనుచరులకు బదులు జంతువులు వచ్చాయి. యాస మారలేదు.

తెలుగు కార్టూన్లకు ఒక భూగోళ శాస్త్రం ఉంది. కుందేళ్లు, జింకలు, బాగా చదువుకున్న ఉడతలు కృష్ణా జిల్లాలో పుడతాయి. నవ్వించే కోతులు తెలంగాణలో పుడతాయి. ఇక చెడ్డ జీవి ఏదైనా సరే, జపాను మొసలి కావచ్చు, మంచుకొండల తోడేలు కావచ్చు, వేరే గ్రహం నుంచి దిగిన ఆకుపచ్చ రాక్షసుడు కావచ్చు, బళ్లారికీ అనంతపురానికీ మధ్య ఎక్కడో పుట్టి పెరిగినట్లే మాట్లాడుతుంది. అంతరిక్షంలో మనవాళ్లు ఇంతమంది ఉన్నారని మాకు తెలియదు.

మిగిలిన పాత్రలన్నీ హైదరాబాదులో ఒకే ఒక్కాయన చెప్పేవాడు. మంచి తండ్రి, మంచి టీచరు, మంచి రాజు, అందరూ ఆయనే. ఒక కార్టూన్‌లో ఆయనే అమాయకుడైన ముద్దాయిగా పారిపోయాడు, ఆయనే పోలీసుగా తరిమి పట్టుకున్నాడు, ఆయనే జడ్జిగా శిక్ష వేశాడు. మధ్యలో వచ్చిన ప్రకటనలో పళ్లు సరిగ్గా తోముకోమని మనకు చెప్పిందీ ఆయనే. ఆయన మీద అన్నకు అసూయ లేదు. "ఆయప్ప ఒకసారి దగ్గితే రెండు రాష్ట్రాల్లో కార్టూన్లు నిల్చిపోతాయి" అని గౌరవంగానే అనేవాడు.

ఆ మాటే జరిగింది. ఆయనకు గొంతు ఆపరేషన్ అయింది. కొన్ని నెలలు మాట్లాడకూడదన్నారు. ఆ సమయంలోనే ఒక కొత్త కార్టూన్ వచ్చింది. దారి తప్పిన బాతుపిల్లను ఒక ముసలి తాబేలు దాని కొలనుకు చేర్చే కథ. తాబేలు మంచిది కాబట్టి ఆయన చెప్పవలసిన పాత్ర. వేరే దారి లేక డబ్బింగ్ డైరెక్టరు మా అన్నకు ఫోన్ చేసింది.

అప్పటికి అన్న ఇంటికి తిరిగి వచ్చేసి ఇక్కడినుంచే పని చేస్తున్నాడు. లాక్‌డౌన్‌లో మొదలైన అలవాటు. సామాన్ల గదిలో గోడలకూ తలుపుకూ పక్కింటి జీన్స్ కుట్టే యూనిట్ నుంచి తెచ్చిన గుడ్డముక్కలు దట్టంగా కొట్టించి, అందులో ఒక మైకు పెట్టుకున్నాడు. లోపల కూర్చుంటే ఎవరిదో పాతప్యాంటు జేబులో కూర్చున్నట్లుండేది.

డైరెక్టరును ఆయన ఒక్కటే కోరాడు. తాబేలుకు మా ఇంట్లో మాట్లాడుకునే మాట పెడతానని. ఆమె భయపడింది. పిల్లలు జడుసుకుంటారేమోనంది. ఒక్క మాట వినమన్నాడు. స్క్రిప్టులో "మిత్రమా, తొందర వద్దు, కాసేపు విశ్రమించు" అని ఉంది. అన్న దాన్ని పక్కన పెట్టి, "యాడికప్పా అంత బిరబిరా? రోంత సేపు కూసో" అన్నాడు. ఆమె ఇంకోసారి చెప్పించుకుని విన్నదట. తర్వాత సరే అన్నదట.

అలా మా వైపు మాట మాట్లాడే మంచి జంతువు ఒకటి పుట్టింది. సగం భాగాలకు చెప్పాక అన్న గుండె ఆగిపోయింది.

డైరెక్టరు ఫోన్ ఫ్లెక్సీ కట్టిన రోజే వచ్చింది. మంచి మనిషి. ముందు ఏడ్చింది, తర్వాత తాబేలు విషయం చెప్పింది.

"సార్, ఒక తాబేలుకు రెండు గొంతులు పెట్టలేం. ఆపరేషన్ అయినాయనకు గొంతు నయమైంది. ఛానల్‌వాళ్లు మొదటినుంచీ ఆయనతోనే చెప్పించేయమంటున్నారు. మీ అన్నగారు చెప్పిందంతా తీసేయాలి." ముక్కు చీదుకుంది. "మీరు హలో అనగానే నేను ఒక్క క్షణం భయపడ్డాను సార్. అచ్చం మీ అన్నగారి గొంతే. మీరు ట్రై చేస్తారా? ఈ వారంలో శాంపిల్ పంపితే వాళ్లను ఒప్పిస్తాను."

ఆలోచిస్తానన్నాను. కుదరదని దాని అర్థం. నేను కాలేజీ లైబ్రరీలో పనిచేస్తాను. అక్కడ నేను నోరు తెరిచేది ఎదుటివాళ్ల నోరు మూయించడానికే.

వదిన పక్కనే ఉంది. ఫోన్ మాట అంతా విన్నది.

"మొదటినించీ ఆయప్పతో చెప్పిస్తారంటనా? మీ అన్న చెప్పిందంతా తీసేసి?"

"అవునంట వదినా."

"ఇన్నేండ్లు పందులకి చెప్పినాడు, మొసళ్లకి చెప్పినాడు. ఒకటి మంచిది దొరికె. దాన్నీ ఉంచరా?"

నేను మాట్లాడలేదు. నా ఉద్యోగధర్మం అదే.

మూడోనాడు పిట్టకు పెట్టడానికి హగరి ఏటి ఒడ్డుకు పోయాం. పోయినాయనకు ఇష్టమైనవన్నీ వండి ఆకులో పెట్టి, కాకి వచ్చి ముట్టేదాకా అందరూ ఎదురు చూడాలి. ముట్టకపోతే ఆయనకు ఏదో కోరిక మిగిలిపోయిందని లెక్క. అప్పుడు బంధువులు ఒక్కొక్కరూ ఆ కోరిక ఏమై ఉంటుందో ఊహించి, తీరుస్తామని పైకి చూస్తూ గట్టిగా మాట ఇవ్వాలి. ఏ మాటకు కాకి దిగితే అదే కోరిక.

ఆకులో బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు పెట్టాం. కాకి ఒకటి దూరంగా తుమ్మచెట్టు మీద కూర్చుని మమ్మల్ని చూస్తోంది. ఇల్లు చూసుకుంటామన్నారు. కదల్లేదు. వదినకు ఏ లోటూ రానివ్వమన్నారు. అటు తిరిగి కూర్చుంది. అన్న స్నేహితుడొకాయనకు మంచి ఆలోచన వచ్చింది. అన్న గొంతు అన్నకే వినిపిస్తే వస్తాడని, ఫోన్ తీసి దున్నపోతు రంకె పూర్తి శబ్దంతో పెట్టాడు. కాకి ఏటికి అవతలి గట్టుకు పోయింది. దాంతోపాటు అక్కడున్న కొంగలు కూడా పోయాయి.

"ఏం మనిషివప్పా నువ్వు? ఆపు! సాకు, చాలు!" అని మా మేనమామ ఆయన్ను కసిరి, అందరినీ వెనక్కి పొమ్మన్నాడు. వదిన మామ దగ్గరికి పోయి చెవిలో ఏదో చెప్పింది. మామ నన్నొకసారి చూసి, చేతులు నోటి దగ్గర పెట్టుకుని అరిచాడు.

"ఒరే అబ్బీ! నీ తాబేలుకి మిగిలిందంతా మీ తమ్ముడు చెప్తాడు! నువ్వు చెప్పింది యాడికీ పోదు! వచ్చి తినుపో!"

కాకి వచ్చింది. అప్పటికి అందరం వెనక్కి జరిగి నీడకు చేరాం కాబట్టి వచ్చిందని నేను చెప్పాను. ఎవరూ వినలేదు.

"చూస్తివా? నీ గురించే కాచుకోని ఉండాడు" అన్నాడు మామ.

కాకి బజ్జీ తిన్నది. ఇరుక్కున్నది నేను.

జీన్స్ యూనిట్‌లో మధ్యాహ్నం అన్నం వేళకు మిషన్లు ఆగుతాయి. అన్న రికార్డింగులన్నీ ఆ సందులోనే జరిగేవి. వదిన ఫ్యాన్ కట్టేసి, కుక్కరు దించి, వీధి తలుపు మూసి, గది బయట స్టూలు వేసుకుని కూర్చునేది. ఇప్పుడూ అలాగే కూర్చుంది. హైదరాబాదులో డైరెక్టరు లాప్‌టాప్ ముందు, నేను అన్న లాప్‌టాప్ ముందు, పాతప్యాంటు జేబులో.

స్క్రిప్టు మామూలు తెలుగులో వచ్చింది. మా మాటలోకి అప్పటికప్పుడు మార్చుకోవాలి. "భయపడకు, నీళ్లు దగ్గరలోనే ఉన్నాయి" అని ఉన్నదాన్ని నేను ఉన్నట్లే చదివాను.

"గొంతు సూపర్ సార్" అంది డైరెక్టరు. "కానీ తాబేలు వార్తలు చదువుతోంది."

ఈసారి యాస పెట్టాను. ఒత్తి పలికాను, కొంచెం గరగర కూడా కలిపాను. చాలా కష్టపడ్డాను.

"సార్... ఇప్పుడు బాతుపిల్లను చంపేస్తుందేమో అనిపిస్తోంది."

బయటనుంచి వదిన నవ్వు వినిపించింది. అన్న పోయాక ఆమె నవ్వడం అదే మొదలు. నాకు మాత్రం నవ్వు రాలేదు. డబ్బింగువాళ్ల భూగోళ శాస్త్రాన్ని అన్నాళ్లూ వెక్కిరించిన వాణ్ణి, మా ఊరి మాట మాట్లాడమంటే నా నోటివెంట కూడా రౌడీయే వచ్చాడు. నేను మా ఇంట్లో మాట్లాడే మాట కాదది. తెరమీద మేం ఎలా మాట్లాడతామని విన్నానో అది. మళ్లీ చెప్పాను, మళ్లీ రౌడీయే. ఇంకోసారి చెబితే రౌడీ వార్తలు చదివాడు.

"ఇంకో అరగంటలో మిషన్లు మొదలైతాయి" అని వదిన తలుపు తీసింది. నా చేతిలో కాగితం లాక్కుంది. తలుపు మూయకుండా అడ్డంగా నిలబడింది.

"మలుపులో ఆ ఫ్లెక్సీ ఎప్పుడు తీపిస్తావు?"

"ఇప్పుడా వదినా? డైరెక్టరు వింటాంది."

"విననీ. దావలో పోయేటోల్లంతా దున్నపోతుకి మొక్కుతాండారు. నాకి తల ఎత్తుకోని తిరగడానికి లేదు."

"తీపిస్తాలే."

"నిన్న కూడా ఇదే చెప్తివి. నీ అన్నా ఇంతే, నువ్వూ ఇంతే. ఏం చెప్పినా పలక్కుండా సుమ్నే ఉంటారు."

"ఎందుకట్ల బిరబిరా మీదికి వస్తాండావు? యాడికీ పోదు ఫ్లెక్సీ. ఎండ తగ్గినాక నేనే పోయి ఇప్పుతా. రోంత ఓర్చుకో."

"అదీ!" అని లాప్‌టాప్‌లోంచి డైరెక్టరు అరిచింది. "సార్, అదే! అలాగే చెప్పండి! మేడమ్, మీరు అక్కడే ఉండండి!"

వదిన అక్కడే నిలబడింది. శాంపిలైనా, తర్వాత మిగిలిన భాగాలైనా అంతా అలాగే జరిగింది. డైరెక్టరు సీను చెప్పేది, వదిన దానికి తగిన తగువు పెట్టేది, నేను సర్దిచెప్పేవాణ్ణి, అదే ఊపులో తాబేలు మాట వచ్చేసేది. బాతుపిల్ల అలిగే సీనుకు కరెంటు బిల్లు కట్టలేదని అడిగింది. బాతుపిల్ల ఏడ్చే సీనుకు మాత్రం తగువు పెట్టలేదు. ఊరికే నన్ను చూసింది. దాన్ని ఒక్కసారికే చెప్పేశాను.

ఛానల్‌వాళ్లు ఒప్పుకున్నారు. అన్న చెప్పిన సగం ఉంచుతామన్నారు. ఈ వార్తతోపాటు డైరెక్టరు ఇంకో వార్త కూడా చెప్పింది. నా గొంతు అందరికీ బాగా నచ్చిందట. తన చేతిలో ఒక ముసలి మర్రిచెట్టు, ఒక గుడ్డి గుడ్లగూబ, చావుబతుకుల్లో ఉన్న ఒక ఏనుగు ఉన్నాయట. మూడూ నేనే చెప్పాలట.

"మీ గొంతులో ఒక విషాదం ఉంది సార్. వృద్ధ పాత్రలన్నీ ఇక మీవే."

మా అన్నకు దుర్మార్గం ఎలా అంటగట్టారో నాకు చావును అలా అంటగట్టారు. ఇంకా నయం, చావడానికైనా మంచి జంతువులనే ఇచ్చారు. ఏనుగు బతికితే చెబుతానన్నాను. ఆమె నవ్వి, స్క్రిప్టు అలా లేదంది.

టీవీలో రోజుకొక భాగం వచ్చింది. వదినా నేనూ కలిసి చూశాం. అన్న సగం చెప్పి ఆగిపోయిన భాగం వచ్చిన రోజు వదిన టీవీకి దగ్గరగా కుర్చీ జరుపుకుంది. ఒక పిల్లకాలువ దగ్గర తాబేలు ఆగింది. "నీళ్లుండాయి, చూసుకోని దిగు" అన్నాడు అన్న. బాతుపిల్ల గట్టు మీద నిలబడి వెనక్కి చూసింది. "ఏం కాదు, నేనీడనే ఉండా" అన్నాను నేను. బాతుపిల్ల దిగింది. కాలువ అవతల కథ ముందుకు సాగింది. వీధిలో ఎవరికీ తేడా తెలియలేదు. డైరెక్టరుకు కూడా తెలియలేదని ఆ రోజే మెసేజ్ పెట్టింది.

భాగం అయిపోయింది. వదిన టీవీ కట్టేసింది.

"ఆ కాలవ కాడ నువ్వు మాట్లాడితివి."

"అవును. అక్కడినుంచి నాదే."

"అది తెల్సు. ఆయనైతే ఆడ మాట్లాడడు. ఎవరన్నా భయపడి తనపక్క చూస్తే ఊఁ అంటాడు, అంతే. కాగితంలో ఏమన్నా ఉండనీ, ఊఁ అంటాడు."

నేను గుర్తు చేసుకున్నాను. ఆమె చెప్పింది నిజం.

"అయిపోయింది కదా వదినా. టీవీలో వచ్చేసింది."

"మళ్లా వేస్తారు కదప్పా. ఆ కార్టూన్లోల్లకి ఇంగేం పని, వేసిందే వేస్తాంటారు. పోన్ చేసి అడుగు."

డైరెక్టరుకు ఫోన్ చేశాను. ఆమె మొదట నాకు ఆరోగ్యం బాగుందా అని అడిగింది. తర్వాత, ఒక్క ఊఁ కోసమా సార్ అంది. ఆ తర్వాత, పంపండి, మళ్లీ వేసేలోపు పెట్టేస్తాను అంది.

మర్నాడు కాలేజీకి సెలవు పెట్టాను. పక్కింటి మిషన్లు ఆగేదాకా జీన్స్ ముక్కల గదిలో కూర్చున్నాను. వదిన ఫ్యాన్ కట్టేసింది, కుక్కరు దించింది, స్టూలు వేసుకుంది. మిషన్లు ఆగాయి. నేను మైకు దగ్గరికి జరిగి, ఊఁ అన్నాను.

"ఇంగోసారి" అంది వదిన బయటనుంచి. "ఇంగా రోంత లోపలినించి."