అసిరయ్య లాండ్‌మాస్టర్ ఎంత చేస్తుంది

పాత ఇనుము కొనే గంగులు కారు చుట్టూ రెండుసార్లు తిరిగాడు. టైరుని కాలితో తన్నాడు. బానెట్ మీద వేళ్ళతో టకటకా కొట్టి, పుచ్చకాయ బేరమాడేవాడిలా చెవి వంచి విన్నాడు.

"ఒరే హరిగా, పదకొండొందల కేజీలుంటాది. తుప్పు రాలిపోతే వెయ్యి. ఇరవయ్యారు వేలిస్తాను. లారీ నాది, మనుసులు నావోలు. నువ్వు నిల్సుని సూడ్డమే."

"మా అయ్య కారు గంగులుమావా అది. తుక్కనీకు."

"మీ అయ్య ఉన్నన్నాళ్ళూ కారే. ఇప్పుడు కోళ్ళగూడు. ఎనక సీటు సూడు."

చూడనక్కర్లేదు. వెనక సీట్లో పెట్ట పొదుగుతోందని హరిబాబుకి తెలుసు. దాన్ని లేపడానికి తల్లి కూర్మమ్మ ఒప్పుకోవడం లేదు. గంగులుకి టీ తాగించి పంపేశాడు గానీ, ఆ ఇరవయ్యారు వేల మాట మాత్రం చేప ముల్లులా గొంతులో ఉండిపోయింది. అతనికి కావలసింది మూడు లక్షలు.

నౌపడ ఉప్పు మడులు దాటాక, తారురోడ్డు ఇసకలో కూరుకుపోయే చోట ఉంటుంది వాళ్ళ పేట. మగవాళ్ళలో సగంమంది ఏడాదికి పది నెలలు అక్కడ ఉండరు, మంగుళూరు బోట్ల మీద ఉంటారు. హరిబాబుదీ పద్దెనిమిదో ఏట నుంచీ అదే బతుకు. జూలై ఆఖర్లో రైలెక్కడం, మే నెలాఖరుకి దిగడం. కిందటి సీజనులో తాడు లాగే వించిలో చెయ్యి పడి కుడిచేతి చివరి రెండు వేళ్ళూ పోయాయి. అంతకు ముందు సీజనులో అతని భార్య హేమకి అన్నయ్యైన బాబీ అదే బోటు మీంచి జారి సముద్రంలో పడ్డాడు. శవం దొరకలేదు. పదమూడు రోజులు ఎదురుచూసి ఫోటోకే దండ వేశారు.

ఈసారి హరిబాబు ఇంటికొచ్చిన రోజే హేమ ఒక మాట అంది. అరవలేదు, ఏడవలేదు. చేపలు తోముతూ, తల ఎత్తకుండా అంది.

"గోడకి ఇంకో మేకు కొట్టీ ఓపిక నాకు నేదు మావా. ఎల్లకు."

వెళ్ళకుండా ఉండాలంటే సొంత తెప్ప ఉండాలి. దానమ్మ మొగుడు పోయాక ఆవిడ ఫైబర్ తెప్ప ఇంజనుతో, వలలతో సహా ఒడ్డునే పడి ఉంది. మూడు లక్షలకి ఇస్తానంది. "రథయాత్ర దాకా నీకోసం ఆపుతాను నాయినా. ఆ తరవాత ఎవలొస్తే ఆలికి ఇచ్చెత్తాను. నాకూ కడుపున్నాది కదా" అని ముందే చెప్పింది.

అమ్మడానికి ఇంట్లో ఉన్నది ఈ కారొక్కటే.

కారంటే మామూలు కారు కాదు. లాండ్‌మాస్టర్. అంబాసిడర్‌కి అక్క లాంటిది. అంబాసిడర్ పుట్టకముందు నాలుగేళ్ళు తయారై ఆగిపోయిన బండి. గుండ్రటి వీపు, ముందు వెడల్పాటి జాలీ, ఏనుగు కళ్ళలాంటి చిన్న దీపాలు. నౌపడలో ఉప్పు వ్యాపారం చేసిన నరసింగరావు యాభై ఏడులో కలకత్తా నుంచి కొత్తగా తెప్పించుకున్నాడు. హరిబాబు తండ్రి అసిరయ్య ఆ కారు కడిగే కుర్రాడిగా చేరి డ్రైవరు అయ్యాడు. పేటలో మొగాళ్ళంతా తెడ్డు పడితే అతనొక్కడూ స్టీరింగు పట్టాడు. ఎనభై ఎనిమిదిలో నరసింగరావు వ్యాపారం మూసేసి, ఇరవయ్యేళ్ళు నమ్మకంగా చేసిన మనిషికి ఇంకేమీ ఇవ్వలేక కారు ఇచ్చాడు. కాగితాలు మార్పించి మరీ ఇచ్చాడు. ఆ తరవాత పేటలో పురుడు నొప్పులొచ్చినా, పెళ్ళికొడుకుని శ్రీకూర్మం తీసుకెళ్ళాలన్నా అదే కారు. పాత ఇంజను చచ్చిపోతే అంబాసిడర్ ఇంజను పెట్టించి నడిపాడు. అసిరయ్య పోయి తొమ్మిదేళ్ళు. కారు అంతకు ముందే ఆగిపోయింది. ఇంటి పక్క తాటాకు పాకలో నిలబడే ఉంది.

ఏటా దసరాకి మాత్రం దానికి పూజ తప్పలేదు. పేటలో తెప్పకి ముక్కు మీద బొట్టు పెట్టి, సముద్రం నుంచి బిందెడు నీళ్ళు తెచ్చి పోసి, కొబ్బరికాయ కొడతారు. గంగమ్మ నీళ్ళు తగిలితేనే ఆ తెప్ప ఇంటిదవుతుంది. కారుకి ముక్కెక్కడుంటుందో అసిరయ్యకి తేలలేదు. ఆలోచించి బానెట్ ఎత్తి, ఇంజను వెనక నిలబడే రేకు మీద కొట్టి ఉన్న అంకెల్ని చూపించాడు. "ఇది దీని పేరు. పేరున్న కాడే మొకం" అన్నాడు. అప్పట్నించీ పసుపూ కుంకుమా బిందెడు నీళ్ళూ అక్కడే. అతను పోయాక కూర్మమ్మ పోసింది. కారు కదలకపోయినా పోసింది.

ఫోటోలు తీసింది హేమ. పాత కార్ల పిచ్చోళ్ళ గ్రూపు ఒకటి ఫేస్‌బుక్‌లో కనిపిస్తే అందులో పెట్టింది. సాయంత్రానికి వంద మంది మాట్లాడేశారు. ఒకడు పది లక్షలన్నాడు, ఒకడు పదివేలు కూడా దండగన్నాడు. ఒకడు కోడి ఎంతకిస్తారని అడిగాడు.

ఫోన్ చేసినవాడు మాత్రం ఒక్కడే. విశాఖపట్నంలో ఉంటాడట, పేరు పృథ్వీరాజ్. ఇంట్లో పాత బళ్ళు నాలుగున్నాయట. మాట నెమ్మదిగా, చదువుకున్నవాడి మాటలా ఉంది.

"చూడండి హరిబాబు గారూ, ఇలాంటి కారుకి షోరూం ధరలా ఒక ధర ఉండదు. ఏవి కంపెనీవి, ఏవి తరవాత వచ్చాయి, అదే లెక్క. ఇంజను మారింది కాబట్టి కొంత పోయింది. జాలీ, మీటర్లు, అద్దాలు అసలువే అంటున్నారు, అది మంచిది. అన్నిటికంటే ముఖ్యం ఛాసిస్ నంబరు. ఆర్సీ బుక్కులో ఉన్న నంబరూ రేకు మీద నంబరూ కలవాలి. కలిస్తే నేను మూడున్నర ఇస్తాను."

"మూడున్నర ఏలా?"

"లక్షలండీ."

హరిబాబు ఫోను చెవి నుంచి తీసి హేమ వైపు చూశాడు. హేమ అప్పటికే రేకుపెట్టె తెరుస్తోంది. అసిరయ్య లైసెన్సు కింద ప్లాస్టిక్ సంచిలో చుట్టి బుక్కు భద్రంగా ఉంది. సిరా వెలిసినా అంకెలు తెలుస్తున్నాయి.

హేమ బానెట్ ఎత్తి టార్చి పక్కగా పెట్టి రేకు ఫోటో కూడా పంపింది. ఏళ్ళ నాటి పసుపు కుంకుమ పెచ్చు కట్టి, మధ్యలో తుప్పు ఉబ్బి, దానిలోంచి అంకెలు లీలగా కనిపిస్తున్నాయి.

పృథ్వీరాజ్ వెంటనే మళ్ళీ చేశాడు. "ఆదివారం వస్తాను. కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్దితే అచ్చు పడుతుంది, చాలు. అంతవరకూ ఎవరూ ముట్టుకోకండి. కడగొద్దు, తుడవొద్దు, రంగు మాట అసలెత్తొద్దు. కోడి గుడ్లు పెడితే పెట్టనివ్వండి."

ఆ నాలుగు రోజులూ ఇంట్లో పండగలా ఉంది. హేమ రెండుసార్లు దానమ్మ తెప్ప దాకా వెళ్ళి, ఊరికే దాని అంచు మీద చెయ్యేసి వచ్చింది. కూర్మమ్మ పేటంతా చెప్పుకుంది. "పోయినోడు మా ఆయన. మాకోసం దీన్ని పెట్టి పోనాడు."

శనివారం మధ్యాహ్నం హేమ చేపల గంపతో కోటబొమ్మాళి సంతకి వెళ్ళింది. కూర్మమ్మ నిద్రపోతోంది. హరిబాబు పాకలోకి వెళ్ళి బానెట్ ఎత్తి నిలబడ్డాడు.

పెచ్చు కట్టిన ఆ రేకుని చూస్తుంటే అతనికి సిగ్గేసింది. తెప్ప అమ్మేటప్పుడు పేటలో ఎవడూ దాన్ని అలాగే చూపించడు. అడుగున పట్టిన గుల్లలన్నీ గీకి, నున్నగా చేసి చూపిస్తాడు. అడుగు మురికిగా ఉంటే కొనేవాడు సగం ధర కోసేస్తాడు. పదేళ్ళ వయసు నుంచీ హరిబాబు చేసిన పని అది. కడగొద్దు, తుడవొద్దన్నది పాత రంగు పోతుందని అయ్యుంటుంది, తుప్పు గీకడం వేరు, అనుకున్నాడు. మూడున్నర అన్నవాడు అంకెలు మెరుస్తుంటే నాలుగు అంటాడేమో.

గుల్లలు గీకే ఇనప బద్ద తెచ్చి, మూడు వేళ్ళ చేత్తో గట్టిగా పట్టి, తెప్ప అడుగు గీకినట్టే కింది నుంచి పైకి ఒక్క లాగు లాగాడు.

పసుపు రాలింది. రెండో లాగుకి తుప్పు లేచింది. ఎండుచేప పొలుసులా పొరలు పొరలుగా లేచింది. మూడో లాగుకి అరచెయ్యంత పెచ్చు ఊడి చేతిలో పడింది. దాని మీద అంకెలున్నాయి. రేకు మీద లేవు. రేకు ఉండాల్సిన చోట జల్లెడలా చిల్లులు, వాటిలోంచి లోపల సీటు.

పెచ్చుని మళ్ళీ అక్కడ అతికించబోయాడు. చేతిలోనే పొడైపోయింది.

ఇంట్లో తల్లి దగ్గిన చప్పుడు విని ఉలిక్కిపడ్డాడు. దేవుడి గూట్లోంచి పసుపూ కుంకుమా తెచ్చి, నీళ్ళతో ముద్ద చేసి, గీకిన మేరంతా మెత్తాడు. నేల మీద రాలినదంతా పోగుచేసి ఇసకలో కప్పెట్టాడు. బానెట్ మూశాడు.

ఆదివారం పృథ్వీరాజ్ అన్నమాట ప్రకారం వచ్చాడు. నలభై ఏళ్ళుంటాయి. కారు చూడగానే చెప్పులు విప్పేశాడు. జాలీ మీద చెయ్యేసి, మీటర్లు చూసి, అద్దం మూలన కంపెనీ గుర్తు చూసి చిన్నపిల్లాడిలా నవ్వాడు. అతను నవ్విన ప్రతిసారీ హేమ కూడా నవ్వింది. ఆఖర్న బానెట్ ఎత్తి, తడిగుడ్డతో పసుపు మెల్లగా తుడిచాడు.

ఆగిపోయాడు. కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్దాడు. ఇంకో చోట పెట్టి రుద్దాడు. కాగితం మీద గరుకు మచ్చలు తప్ప ఏమీ పడలేదు.

"ఫోటోలో ఉందే! ఏమైంది దీనికి?"

కూర్మమ్మే ముందుకొచ్చింది. "మేం ఏటీ సెయ్యనేదు బాబూ. ఏటా పూజ సేత్తాం, అంతే. పసుపెట్టి సంద్రం నీళ్ళు పోత్తాం."

"సముద్రం నీళ్ళా? దీని మీదా? ఎన్నాళ్ళ నుంచి?"

"ఈ గుంటడు పుట్టక ముందు నుంచీ."

పృథ్వీరాజ్ కళ్ళు మూసుకున్నాడు. "అమ్మా, ఉప్పునీళ్ళు ఇనుముని తినేస్తాయి కదమ్మా."

అందరూ కూర్మమ్మ వైపు చూశారు. హరిబాబు కూడా చూశాడు. నోరు తెరిచాడు. తెరిచి, వేరే మాట అన్నాడు.

"నంబరు బుక్కులో ఉన్నాది కదండీ. అదే నంబరు మళ్ళీ కొట్టించెత్తే?"

"అది దొంగబళ్ళకి చేసే పని. మీరూ జైలుకి, నేనూ జైలుకి. ఇంకెవరి దగ్గరా ఆ మాట అనకండి" అన్నాడు పృథ్వీరాజ్. కోపంగా అనలేదు. "నంబరు లేకపోతే దీన్ని నా పేరు మీదకి మార్చుకోలేను, రోడ్డెక్కించలేను. కారుగా దీనికి ఇంక ధర లేదు. విడిభాగాలుగా అయితే జాలీ, మీటర్లు, దీపాలు, తలుపులు... నలభై వేలు. తుక్కు కొనేవాళ్ళకంటే ఎక్కువే ఇస్తున్నాను, నమ్మండి."

నమ్మారు. వారం తిరక్కుండా మనుషులొచ్చి కావలసినవి విప్పుకుపోయారు. మిగిలిన డొక్కు గంగులు లారీ ఎక్కింది. "ఏటిరా, ముందే ఇచ్చీసుంటే ఈ తిరుగుడు తప్పేది కదా" అన్నాడు గంగులు. రథయాత్ర వెళ్ళిన మూడోరోజు దానమ్మ తెప్ప వేరే పేటవాళ్ళు తీసుకుపోయారు. ఆవిడ చెప్పే అమ్మింది, దాచలేదు.

మంగుళూరు నుంచి బోటు నడిపే సరంగు ఫోన్ చేశాడు. వేళ్ళు తగ్గిన చేతికి జీతం తగ్గుతుందన్నాడు. హరిబాబు సరేనన్నాడు.

కూర్మమ్మ ఖాళీ పాక వైపు తిరిగి కూర్చోవడం మొదలుపెట్టింది. ఒడ్డుకి వెళ్ళడం మానేసింది. ఇంట్లో ఉన్న పసుపంతా పక్కింట్లో ఇచ్చేసింది. అన్నం ముందు పెడితే రెండు ముద్దలు తిని కంచం తోసేసేది. ఎవరైనా పలకరిస్తే ఒకటే మాట. "నా సేత్తోనే పోసినాను. నా సేత్తోనే."

ప్రయాణానికి ముందురోజు సంచి సర్దుతూ హేమ చటుక్కున అంది. "ఆ రేకు మీద గీతలు నాను సూసినాను మావా."

హరిబాబు లుంగీ మడతపెడుతున్నవాడు ఆగాడు.

"కొత్త గీతలు. తుప్పు రంగు కాదు, తెల్లగా ఉన్నాయి. ఆ బాబు ఎల్లిపోనాక టార్చేసి సూసినాను."

"నాను... బాగుంటాదని..."

"నాకేటీ సెప్పక్కర్నేదు. నాను నిన్నేటీ అననేదు కదా ఇన్నాళ్ళూ. అత్తకి సెప్పి ఎల్లు. ముసిల్ది ఇలాగే ఉంటే నువ్వు తిరిగొచ్చీసరికి ఉండదు."

"రేపు సెప్తాను."

మర్నాడు నౌపడ స్టేషన్‌కి కూర్మమ్మ కూడా వచ్చింది. రావొద్దంటే వినలేదు. ప్లాట్‌ఫారం మీద ఎండలో నిలబడి, కొడుకు ముందు రెండు చేతులూ జోడించింది.

"నాను పోసిన నీళ్ళే నిన్ను మళ్ళీ ఆ సంద్రం మీదకి తోలేసినాయి నాయినా. తల్లికి పూజ సేత్తన్నాననుకున్నాను గానీ నీ కొంప ముంచుతున్నానని తెల్దు. నన్ను తిట్టయినా తిట్టు. మనసులో ఎట్టుకుని ఎల్లకు."

హరిబాబు ఆ చేతుల్ని గబుక్కున పట్టుకుని కిందికి దించాడు. హేమ కళ్ళు తన మొహం మీదే ఉన్నాయని చూడకుండానే తెలుస్తోంది. నోటి దాకా వచ్చింది మాట. చెబితే తల్లి ఏమీ అనదని కూడా అతనికి తెలుసు. కానీ కట్టుకున్నదాన్ని వదిలి, కన్నదాన్ని వదిలి, ఆ బోటు ఎక్కడానికి తన చేతే తనని పంపిస్తోందని పైకి అనడం అతనివల్ల కాలేదు.

"ఊరుకోయే అమ్మా. పోనీ, అయిపోనాది కదా. నానేటీ అనుకోనేదు."

క్షమించినట్టే ఉంది ఆ మాట. కూర్మమ్మ అలాగే తీసుకుంది. కొడుకు చెయ్యి కళ్ళకద్దుకుని ఏడ్చింది.

విశాఖ పాసింజరు వచ్చి ఆగింది. హరిబాబు ఎక్కి కిటికీ దగ్గర నిలబడేసరికి, హేమ అత్తగారి భుజం చుట్టూ చెయ్యేసి రోడ్డు వైపు నడిపిస్తోంది. బండి కదిలేదాకా కూడా ఆగలేదు. ఒక్కసారైనా వెనక్కి తిరుగుతుందేమోనని అతను చూస్తూనే ఉన్నాడు. ఆమె తిరగలేదు.