నల్లా ముందు రాళ్లు

మా చెల్లెలి మనవరాలు విశ్వవిద్యాలయంలో పెద్ద చదువు చదువుతోంది. మొన్న ఆదివారం మా ఇంటికి వచ్చి, పెసరట్టు తింటూ తింటూ, ఈ ఏడాది తనకు పౌరసత్వం మీద ఒక పేపరు ఉందనీ, దాన్ని ఒక్క రాజనీతిశాస్త్రం వాళ్లే కాక చరిత్ర వాళ్లు, సాహిత్యం వాళ్లు, సమాజశాస్త్రం వాళ్లు, న్యాయశాస్త్రం వాళ్లు అందరూ కలిసి చెబుతారనీ, ఒకే సంగతిని ఇన్ని వైపుల నుంచి చూడడం ఇప్పటి పద్ధతనీ చెప్పుకొచ్చింది. చెప్పి ఊరుకుందా, ముప్పై ఏళ్లకు పైగా సివిక్స్ చెప్పిన అమ్మమ్మవు కదా, పౌరుడంటే ఎవరో ఒక్క ముక్కలో చెప్పమని నన్ను పట్టుకుంది. పుస్తకంలోని నిర్వచనం నన్ను నిద్రలో లేపి అడిగినా తప్పు లేకుండా అప్పజెబుతాను. కానీ ఆ పూట నోరు తెరిస్తే నిర్వచనం రాలేదు, నవ్వు వచ్చింది. సున్నం కొట్టిన రాళ్లు కొన్ని కళ్ల ముందుకొచ్చి నిలబడ్డాయి. ఎంతకీ నవ్వు ఆపకపోయేసరికి ఆ పిల్ల కంగారుపడి మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది.

నా వయసు వాళ్లకు గుర్తుండే ఉంటుంది, ఆ రోజుల్లో సివిక్స్ అంటే ఎంత చులకనో. మాకు ల్యాబు లేదు, గాజు గొట్టాలు లేవు, కప్పను కోసే పని అంతకన్నా లేదు. సైన్సు లెక్చరర్లు నన్ను చూసి, మీ క్లాసులో పిల్లలు కునుకు తీసి లేచాక మా క్లాసులో చురుగ్గా ఉంటున్నారమ్మా, మీ మేలు మరచిపోలేం అని వేళాకోళం చేసేవారు. నేనప్పుడు గోదావరి కాలవ గట్టు ఊరి నుంచి కొత్తగా వచ్చి, రాంగోపాల్‌పేట్‌లో బట్టల కొట్టు పెట్టుకున్న మా పిన్నివాళ్లింట్లో ఉంటూ, చిలకలగూడలో రెండంతస్తుల మేడలో నడిచే ఒక చిన్న జూనియర్ కాలేజీలో చేరాను. మా నాన్న పంపుతూ పంపుతూ ఒక షరతు పెట్టారు. ఏడాదిలో నా మీద ఒక్క ఫిర్యాదు వచ్చినా, ఉద్యోగానికి నమస్కారం పెట్టి మర్నాటి బండికి తిరిగొచ్చేయాలి. ఆయన మాటంటే మాటే. నాకేమో ఆ ఉద్యోగం ప్రాణం. పొద్దున్నే చీర కుచ్చిళ్లు సర్దుకుని, చేతిలో హాజరుపట్టీ పట్టుకుని నలుగురిలో నడుస్తూ ఉంటే నా అంత గొప్పది ఈ జంట నగరాల్లో లేదనిపించేది, ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గెందుకు.

కొత్త బిచ్చగాడు పొద్దెరగడని ఊరికే అనలేదు. చేరిన మూడో నెలలోనే, సైన్సు వాళ్లకు ప్రాక్టికల్స్ ఉంటే మాకెందుకు ఉండకూడదని నాకొక పట్టుదల పుట్టింది. పౌరుల విధులు అనే పాఠం చెబుతున్నాను కదా, దానికి ప్రాక్టికల్‌గా ఒక శనివారం మధ్యాహ్నం పిల్లలను వెంటేసుకుని కాలేజీ వెనక సందును శుభ్రం చేయించడానికి బయలుదేరాను. ఆ సందు మొదట్లో మునిసిపాలిటీ కుళాయి ఒకటి ఉండేది. నల్లా అనేవాళ్లు ఇక్కడ. దాని ముందు నుంచి సందు మలుపు దాకా రాళ్లు, ఇటుక ముక్కలు, చిల్లుపడ్డ బిందెలు, తుప్పు పట్టిన నూనె డబ్బాలు పడి ఉన్నాయి. నడిచేవాళ్ల కాళ్లకు అడ్డం కదా, ముందు ఇవి తీయండర్రా అన్నాను. పెరట్లో బావి, గుమ్మం ముందు కాలవ ఉన్న ఇంట్లో పెరిగినదాన్ని, నీళ్ల కోసం మనిషి నిలబడడమే చూడలేదు, ఇక మనిషికి బదులు రాయి నిలబడుతుందని నాకెలా తెలుస్తుంది? చెప్పేవాళ్లు కూడా ఎవరూ లేకపోయారు. ఆ సందు ఆడవాళ్లందరూ పనులకు పోయే వేళ అది. మా పిల్లలేమో మల్కాజిగిరి నుంచీ సీతాఫల్‌మండి నుంచీ వచ్చేవాళ్లు.

అంతటితో ఆగినా బాగుండేది. బిందెలూ డబ్బాలూ చెత్తబండి ఎక్కించేశాం. రాళ్లు మాత్రం పారేయడం ఎందుకని కాలేజీకి మోయించుకొచ్చి, మా ప్రిన్సిపాల్‌గారు ముచ్చటపడి పెంచుకునే బంతిపూల మడుల చుట్టూ పేర్పించాను. గోడలకు వేయగా మిగిలిన సున్నం ఒక తొట్టిలో ఉంది. చిట్టచివరి రాయి దాకా తెల్లగా సున్నం కొట్టించాను. ప్రిన్సిపాల్‌గారు బయటికొచ్చి చూసి మురిసిపోయి, సివిక్స్ అంటే ఇట్లుండాలె అని నలుగురిలో మెచ్చుకున్నారు. ఆ మెప్పు సరిగ్గా రెండు గంటలు నిలిచింది.

సాయంత్రం పనుల నుంచి తిరిగొచ్చిన సందు ఆడవాళ్లంతా కాలేజీ గేటు ముందుకు వచ్చేశారు. ముందు పెద్దమ్మ, అంటే పూలమ్ముకునే ఒక ముసలావిడ, బస్తీ అంతా ఆవిడను అలాగే పిలిచేది. నేను ధైర్యం చేసి ఎదురెళ్లి, రాళ్ల కోసం ఇంత గొడవ ఎందుకండీ, వేరే రాళ్లు తెప్పిస్తాను అన్నాను. ఆవిడ కోపగించుకోలేదు. నన్ను ఎగాదిగా చూసి, “రాళ్లు గావు బిడ్డా, అవి మేమే. మేము పనికి వోతే మాకు బదులు నిలవడ్తయి” అంది.

రోజు విడిచి రోజు, అదీ పొద్దున ఒక్క గంటసేపే నీళ్లు వచ్చే ఆ సందులో ముప్పై పైచిలుకు ఇళ్ల వాళ్ల వరస అది. ఒకరు రాయి మీద పసుపు చుక్క పెట్టుకునేవారు, ఒకరు బొగ్గు గీత గీసుకునేవారు, ఒకరు ఇటుకకు మూల చెక్కి పెట్టుకునేవారు. ఏళ్ల తరబడి తగవులాడి, రాజీపడి కుదుర్చుకున్న వరస. దాన్ని నేను ఒక్క మధ్యాహ్నంలో బంతిపూల చుట్టూ పేర్చి సున్నం కొట్టేశాను. ఆడవాళ్లు మడుల చుట్టూ తిరిగి తిరిగి ఏ రాయి ఎవరిదో గుర్తుపట్టలేక ఒకరి మీద ఒకరు అరుచుకోవడం మొదలుపెట్టారు. వినాయకుణ్ణి చేయబోతే కోతి అయిందంటారే, ఆ కోతి నా భుజమెక్కి కూర్చుంది.

ప్రిన్సిపాల్‌గారు నన్ను గదిలోకి పిలిచి, “ఏమమ్మా, పాఠం జెప్పుమంటే బస్తీ మొత్తం పరేషాన్ జేసి పెట్టిన్రు. సోమారం పొద్దుగాల నీళ్లొస్తయి. లొల్లి గిట్ల అయిందనుకో, రాజీనామా కాయితం తీస్కొనే లోపలికి రాండ్రి” అన్నారు. ఆ రాత్రి పిన్ని ఎంత బతిమాలినా నాకు అన్నం సయించలేదు. పిల్లల ముందు తలెత్తుకోలేకపోవడం కన్నా, మా నాన్న బండి దిగిన నన్ను ఏమీ అనకుండా పెట్టె అందుకోవడమే తలచుకుని తలచుకుని ఏడ్చాను.

ఆదివారం తెల్లారేసరికి ఒక ఉపాయం తోచింది. సివిక్స్ టీచర్‌ని కదా, సమానత్వం అనుకున్నాను. అందరి పేర్లూ చీటీల మీద రాసి లాటరీ తీస్తానని పెద్దమ్మతో చెప్పాను. “ఇరవై ఏండ్ల సంది నిలవడ్డోళ్లు, నిన్న మొన్న వచ్చినోళ్లు ఒకటేనా? గట్ల నడువది” అని ఆవిడ ఒక్క మాటలో తోసేసింది. సరే, ఎవరి స్థానం ఎన్నోదో అడిగి రాసుకుందామని ఇల్లిల్లూ తిరిగాను. మూడో స్థానం ఆరుగురిది అని తేలింది.

నన్ను ఒడ్డున పడేసింది మా చరిత్ర మాస్టారు. ఇక్కడే పుట్టి పెరిగి ఉర్దూ మీడియంలో చదువుకున్న పెద్దాయన, బొల్లారం నుంచి సైకిలు తొక్కుకుంటూ వచ్చేవారు. సంగతి విని పొట్ట పట్టుకుని నవ్వి, ఆదివారం అని కూడా చూడకుండా సందులోకి వచ్చేశారు. “ఎవరి హిస్టరీ వాళ్లనే అడిగితే అందరూ నవాబులే అయితరమ్మా. పక్కోళ్లను అడుగుండ్రి” అన్నారు. అంటే, నీది ఎన్నో స్థానం అని కాక, నీ ముందు ఎవరు నిలబడతారు అని అడగాలన్నమాట. అడిగి చూస్తే అద్భుతం జరిగింది. తన స్థానం గురించి అబద్ధమాడిన మనిషే, ముందున్న మనిషి గురించి అడిగేసరికి తడుముకోకుండా నిజం చెప్పేసేది. ఎందుకు చెప్పదు, ఏళ్ల తరబడి చూస్తున్న వీపు కదా! ఆ వీపు మనిషికి నడుం నొప్పి ఎప్పుడు మొదలైందో, పెనిమిటి ఏ బండి మీద పని చేస్తాడో, ఏ రోజు బిందె ఎత్తలేకపోతే ఎవరు ఎత్తి పెట్టారో కూడా చెప్పేవాళ్లు. ఆయన వెంటబెట్టుకొచ్చిన మా తెలుగు మాస్టారు ఆ మాటలు వింటూ, పౌరుడు అనే మాట ఈ సందులో ఒక్కరి నోటా రాలేదు, అందరూ మనోళ్లు అనే అంటున్నారు అని మురిసిపోతూ, పెద్ద చార్టు మీద వంశవృక్షం గీసినట్టు గీసుకుంటూ పోయారు. సెలవు రోజు కబురు పెడితే వచ్చిన పిల్లలు గడప గడపకూ పరుగులు. ఒక ఇంట్లో అటుకులు, ఒక ఇంట్లో చాయ్, ఒక ఇంట్లో తిట్లు. నా క్లాసులో అంత మెలకువగా వాళ్లను నేనెప్పుడూ చూడలేదు. భయం మరిచిపోయి నేను కూడా పండగ చేసుకున్నాను.

సోమవారం పొద్దున్నే సున్నం రాళ్లు, బిందెలూ డబ్బాలూ పోయినవాళ్లకు కూడా కలిపి ఇంటికొకటి చొప్పున, మళ్లీ నల్లా ముందుకు చేరాయి. చార్టు చూసి చదువుతుంటే ఒక్కొక్కరు వచ్చి తమ వంతు రాయి పక్కన నిలబడ్డారు. గొడవ లేదు. గేటు దగ్గర నిలబడి చూస్తున్న ప్రిన్సిపాల్‌గారు ఊపిరి పీల్చుకోవడం నాకు కనిపించింది. గట్టెక్కానని నేను చార్టు చుట్టేయబోతుంటే, మా క్లాసు అమ్మాయి ఒకతి, మేడమ్, ఆమెది ఎక్కడ అని అడిగింది.

గోడ పక్కన ఖాళీ బిందెతో ఒక పిల్ల నిలబడి ఉంది. పెళ్లయి ఎన్నాళ్లో కానట్టుంది, రెండు నెలల కిందట సందులో ఒక గది అద్దెకు తీసుకున్నారట. కొత్తగా వచ్చినవాళ్లకు ఒక బోనాల పండగ గడిచేదాకా రాయి పెట్టే హక్కు ఉండదని అక్కడి కట్టుబాటు. అప్పటిదాకా అందరూ పట్టుకున్నాక నీళ్లు మిగిలితే మిగిలినట్టు. ఆమె రెండుసార్లు రాయి పెడితే వరసలో చివరిదైన కొసింటావిడ దాన్ని రెండుసార్లూ తీసి పక్కకు విసిరిందని కూడా ముందురోజు ఇళ్లు తిరిగినప్పుడే విన్నాం. నిజం చెబుతున్నాను, ఆ క్షణంలో నాకు చార్టు చుట్టేసి వెళ్లిపోవాలనే అనిపించింది. ఇప్పుడు నోరు తెరిస్తే కుదిరిన వరస మళ్లీ చెదిరి, ప్రిన్సిపాల్‌గారి కళ్ల ముందే నా ఉద్యోగం పోతుంది. కానీ పిల్లలందరూ నా మొహంలోకే చూస్తున్నారు. చుట్టబోయిన చార్టు మళ్లీ విప్పి, ఈమె ఎవరి వెనక అని అడిగాను.

పెద్దమ్మ నేల చూపులు చూస్తోంది. నల్లాలో గరగరమని గాలి మొదలైంది, నీళ్లు వచ్చే వేళ అయిపోయింది. అప్పుడు నడుం మీద చెయ్యేసుకుని కొసింటావిడ ఇటు తిరిగింది. అయిపోయింది నా పని అనుకున్నాను.

“ఏందీ, ఎప్పటిదాంక నేనే ఆఖరుకు నిలవడాలె? ఈ పిల్లను నా ఎన్క రాస్కో టీచరమ్మా. నా ఎన్క సుత ఎవరన్న ఉండాలె గద!”

ఒక్కసారిగా సందంతా గొల్లుమంది. పెద్దమ్మ అయితే కొంగు నోటికడ్డం పెట్టుకుని కూలబడి నవ్వింది. మా తెలుగు మాస్టారు చార్టులో ఇంకో గీత గీశారు. ఆ కొత్తమ్మాయికి రాయి లేదు కదా, మా పిల్లలు పరుగెత్తుకుంటూ వెళ్లి మడి దగ్గర మిగిలిన సున్నం రాయి ఒకటి తెచ్చి పెట్టారు. నా రాజీనామా కాగితం ఎవరూ అడగలేదు. పైగా ప్రతి ఏడూ ఒక వాడను ఇలా చదివి రావడం మా సివిక్స్ ప్రాక్టికల్ అయిపోయింది. మరుసటి ఏడు సందులోకి ఇంకొకరు అద్దెకు దిగితే, ఎవరూ అడగకముందే ఆ కొత్తమ్మాయే చెయ్యెత్తి నా ఎన్క అందట. పెద్దమ్మ పనిగట్టుకుని కాలేజీకి వచ్చి నాకా మాట చెప్పి, మూరెడు మల్లెలు చేతిలో పెట్టి వెళ్లింది.

ఇవన్నీ విని మా మనవరాలు నోట్సు రాసుకుంది, ఏ శాస్త్రం కింద రాసుకుందో నేనడగలేదు. ఆ సందులో ఇప్పుడు నల్లా లేదు. ఇంటింటికీ కుళాయిలు వచ్చాయి, ఆ చోట మోటారు సైకిళ్లు నిలబెట్టుకుంటున్నారు. మంచిదే. ఆ బిందెల బరువు మళ్లీ ఎవరి నడుం మీదకూ రాకూడదు, ఆ రోజులే బాగున్నాయని అబద్ధం చెప్పను. మా అపార్ట్‌మెంట్‌లో అయితే కుళాయి తిప్పితే చాలు, వేళతో పనిలేదు, వరసతో పనిలేదు. పదకొండేళ్లయింది మేం ఇక్కడికి వచ్చి. మనవరాలు వెళ్లాక బాల్కనీలో కూర్చుని, ఈ అంతస్తులో ఎవరి గురించైనా నన్నడిగితే ఏం చెప్పగలనా అని ఆలోచించాను. ఎదురింటి తలుపు రంగు చెప్పగలిగాను. నా గురించి అడిగితే వాళ్లేం చెబుతారో, అదీ తలుపు రంగే కాబోలు.