సెనేటర్ గారి పట్టిక

మొన్న సింగపూర్‌లో, పాసిర్ రిస్ వైపు వెళ్లే మెట్రో రైల్లో ఫోను చూస్తుంటే, అమెరికాలో ఒక సంప్రదాయవాద సెనేటర్ ఇక ఎన్నికల్లో నిలబడనని ప్రకటించిన వార్త కనిపించింది. ఆయనను నేనెన్నడూ చూడలేదు. అయినా ఆ పేరు చదవగానే మనసు నా ఉద్యోగపు తొలి రోజుల్లోకి వెళ్లిపోయింది.

ఇంజనీరింగ్ ముగించి సింగపూర్ వచ్చిన కొత్తలో, వన్-నార్త్ అనే ఆఫీసుల పేటలోని ఒక చిన్న సంస్థలో విదేశీ శాసనకర్తల రాజకీయ జీవితాలను పట్టికలుగా అమర్చడం నా పని. నాకు అప్పగించిన మొదటి మనిషి ఈ సెనేటరే. పన్నులు తగ్గించాలనేవాడు, తుపాకులపై ఆంక్షలు వద్దనేవాడు, వలస వచ్చినవాళ్లంటే గిట్టనివాడు. నేనూ వలస వచ్చినవాణ్ణే గనక, సభలో ఆయన వేసిన ఓట్లకన్నా వివాదాలు వెతకడంలో నాకు ఎక్కువ హుషారు ఉండేదని ఇప్పుడు ఒప్పుకోవాలి. పద్నాలుగు దొరికాయి. తేదీ, ఆరోపణ, ఆధారం, తీవ్రత అని నాలుగు కాలమ్‌లలో పొందికగా సర్ది, ఒక బుధవారం, దాన్ని చేయించుకుంటున్న క్లయింటుకు పంపించేశాను.

నా పక్క సీట్లో, ఎన్నో ఏళ్ల క్రితమే హైదరాబాదు నుంచి వచ్చి స్థిరపడిన పెద్దాయన ఉండేవారు, అందరికీ అంకులే. మర్నాడు లంచ్‌కు పిలవడానికి వచ్చి, నా తెర మీదికి వంగి చూశారు.

"మంచిగ చేసినవ్ మియా. గని ఈ తొమ్మిదోది తర్వాత ఏమైంది?"

ప్రభుత్వ జీతం తీసుకునే తన ఆఫీసు ఉద్యోగుల చేత ఎన్నికల ప్రచారం చేయించుకున్నాడన్న ఆరోపణ అది. ఏమవుతుంది అంకుల్, ఆరోపణ ఆరోపణే కదా అన్నాను.

"నీ మీద ఎవడన్న కంప్లైంట్ ఇస్తె, గంతే రాసి ఊకుంటరా?"

భోజనం మానేసి వెతికాను. కొన్ని నెలల తర్వాతి ఒక చిన్న వార్తలో ఉంది: ఫిర్యాదు చేసినవారే దాన్ని వెనక్కి తీసుకున్నారు. నా నాలుగు కాలమ్‌లలో ఆ మాటకు చోటే లేదు.

శుక్రవారం నా ఉద్యోగం ఖాయం చేయాలా వద్దా అని తేల్చే రోజు. ఖాయం కాకపోతే ఇక్కడ ఉద్యోగం చేయనిచ్చే వర్క్ పాస్ రద్దయి ఇంటికి తిరుగుముఖం పట్టవలసిందే. చెప్పకపోతే అంకుల్‌కు తప్ప ఎవరికీ తెలియదు. పైగా ఆ సెనేటర్ మీద నాకేమీ ప్రేమ లేదు. అయినా పొద్దున్నే మేనేజరుగారి గదిలోకి వెళ్లి చెప్పేశాను. ఆమె క్లయింటుకు సవరణ పంపించి, నా పరీక్షా కాలాన్ని మరో మూడు నెలలు పొడిగించారు. అంకుల్ మాత్రం పడీపడీ నవ్వారు.

"గాయన నిన్ను దేశంలకు రానియ్యనంటడు, నువ్వు పోయి గాయనకే వకీలయితివి కదరా!"

తర్వాత ఇద్దరం కూర్చుని మిగతా పదమూడూ చూశాం. రెండింటిలో సెనేటర్ తప్పు నేను రాసినదానికన్నా పెద్దదే. ఆ రోజు నుంచి మా పట్టికలన్నింటిలో ఐదో కాలమ్ చేరింది: తర్వాత ఏమైంది.

ఆ సంస్థ ఇప్పుడు లేదు. మొన్న రైలు దిగి నేను వెళ్లింది అంకుల్ ఇంటికే. వార్త కింద ఆ సెనేటర్ వివాదాల జాబితా కూడా ఉంది, ఏఐ యంత్రమే తయారుచేసి ఉంటుంది. మా తొమ్మిదోది అందులో మూడోదిగా, వెనక్కి తీసుకున్న మాటే లేకుండా, ఆరోపణగానే నిలిచి ఉంది. మేం పూటంతా కూర్చుని వెతికినది ఇప్పుడు క్షణంలో వచ్చేస్తోంది, కాదనను. ఫోను అందిస్తే, అంకుల్ కళ్లద్దాలు పెట్టుకుని చివరిదాకా చదివారు. అక్కడితో ఆగక, ఇంకా ఏదో ఉండాలన్నట్టు, ఖాళీ తెరను వేలితో పైకి జరుపుతూనే ఉన్నారు.