సెల్లారు ప్రెసిడెంటు

"…ఏడ్వనని నిన్ననే చెప్పిన గద, మళ్ల గదే అడుగుతరేంది మేడమ్?"

"ఏడవమని నేనెక్కడన్నానండీ? జరిగింది చెప్పమన్నాను. అయిదంటే అయిదు నిమిషాలు," అంది జయంతి.

"జరిగింది చెప్తే ఏడుపు గాక నవ్వొస్తదా?"

"అక్కా, జర మెల్లగ. సిగ్నల్ల పక్క బండ్లోళ్లు చూస్తుండ్రు," అన్నాడు ఆటో డ్రైవరు.

"చూడనీ. టికెట్టు లేదు," అంది కిష్టమ్మ.

ఆటో శేరిలింగంపల్లి నుంచి కోకాపేట వైపు వెళ్తోంది. అక్కడ ఒక ఐటీ కంపెనీ ఫౌండేషన్ ముందు వాళ్లు తమ నాటక బృందం గురించి చెప్పుకోవాలి. మూడేళ్లుగా ఆ ఫౌండేషన్ ఇచ్చే గ్రాంటు మీదే బృందం నడుస్తోంది. హాలు కిరాయి, రిహార్సల్ జరిగేటప్పుడు పిల్లల్ని చూసుకునే ఆయా జీతం, ఆటో ఖర్చులు అందులోంచే. మార్చితో అది అయిపోతుంది. మళ్లీ ఇస్తారా లేదా అన్నది ఇవాళ తేలాలి.

బృందం పేరు సెల్లారు నాటక బృందం. భీమవరం నుంచి వచ్చి ఇక్కడ సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం చేసిన జయంతి, ఆ ఉద్యోగం మానేశాక దాన్ని మొదలుపెట్టింది. ఇళ్లల్లో పనిచేసే ఆడవాళ్లను, ఆఫీసుల్లో హౌస్‌కీపింగ్ చేసేవాళ్లను పోగుచేసింది. మొదట్లో జయంతి అపార్ట్‌మెంటు సెల్లార్లో, కార్ల మధ్య రిహార్సల్ వేసేవారు. పేరు అక్కడే పుట్టింది.

కిష్టమ్మ నటించడానికి రాలేదు. ఇంటి తాళంచెవి పట్టుకుపోయిన ఆడబిడ్డను వెతుక్కుంటూ వచ్చింది. ఆ రోజు నాటకంలో అపార్ట్‌మెంటు అసోసియేషన్ ప్రెసిడెంటు వేషానికి ఎవరూ ఒప్పుకోవడం లేదు. అందరూ పనిమనిషి వేషమే అడుగుతున్నారు, తెలిసిన వేషమని. "ఆయన నాకు బాగ తెల్సు" అని కిష్టమ్మ ముందుకొచ్చింది. నీళ్ల సీసా చేతిలో పట్టుకుని నడిచింది. ముందు నేల వైపు చూసింది. తుడిచారని నమ్మకం కుదిరాక తల ఎత్తి, మనిషికి కొంచెం పక్కగా చూస్తూ మాట్లాడింది. కార్ల మధ్య కూర్చున్నవాళ్లు పడీ పడీ నవ్వారు.

అప్పట్నుంచి ఆమె వేసినవన్నీ పెద్దమనుషుల వేషాలే. సూపర్‌వైజరు, కాంట్రాక్టరు, ఒకసారి బ్యాంకు మేనేజరు. పొద్దున్నే డ్యూటీకెక్కి మధ్యాహ్నం దిగేదాకా ఆఫీసు అద్దాలు తుడుస్తూ ఎవరు ఎలా నడుస్తారో చూసి పెట్టుకుంటుంది. ఒకసారి మియాపూర్‌లో నాటకం చూసిన నిజం ప్రెసిడెంటు ఒకాయన దగ్గరికొచ్చి, "ఎవర్ని చూసి చేశావమ్మా?" అని అడిగాడు. "మీ ఎదురు ఫ్లాటాయన్ను సార్" అంది. ఆయన సంతోషంగా వెళ్లిపోయాడు.

ఆమె భర్త బాలనర్సయ్య బాలానగర్‌లో లేతు మిషను మీద పనిచేసేవాడు. కరోనా రెండో యేడు దవాఖానలో రెండు రోజులుండి పోయాడు. ఆ రెండు రోజులూ గేటు బయట కిష్టమ్మ పక్కన కూర్చున్నది జయంతే. నెల తర్వాత కిష్టమ్మ రిహార్సల్‌కు వచ్చి సూపర్‌వైజరు వేషం వేసింది. భర్త మాట ఎత్తలేదు, ఎవరినీ ఎత్తనివ్వలేదు. ఇప్పుడు ఫౌండేషన్‌లో పనిచేసే ఆకాష్ ఫోన్ చేసి, బోర్డువాళ్ల మనసుకు తగిలేలా ఆ కథ ఆమె నోటితో చెప్పిస్తే గ్రాంటు ఖాయమన్నాడు.

"హాలు పోతే అంతమందీ ఎక్కడికి వెళ్తారు? పిల్లల్ని ఎవరు చూస్తారు? మీరే చెప్పండి," అంది జయంతి.

"ఈయేడు నా మొగుణ్ణి చెప్పుకుంటం, పైసలొస్తయి. వచ్చేయేడు ఎవల మొగుడు సావాలె మేడమ్?"

ఆటో కంపెనీ గేటు ముందు ఆగితే జయంతి డ్రైవరుకు డబ్బులిచ్చి దిగింది.

పై అంతస్తు గదిలో బోర్డు సభ్యులు నలుగురు కూర్చున్నారు. ఫౌండేషన్ పెద్ద రోహిణి మధ్యలో ఉంది, ఆకాష్ ఒక పక్కన నిలబడ్డాడు. కిష్టమ్మ బల్ల మీది నీళ్ల సీసా అడిగి తీసుకుంది. నేల వైపు చూసింది. తల ఎత్తింది.

"మహిళా దినోత్సవ శుభాకాంక్షలండి. మీరు పనివాళ్లు కారు, మా ఫ్యామిలీ. అందుకే లిఫ్టు వద్దన్నాం. ఫ్యామిలీ అన్నాక మెట్లెక్కితే హెల్తు. మా మిసెస్‌కి కూడా చెబుతుంటాను, వినదు. మీరు వింటారు. అదీ మీ గొప్పతనం!"

రోహిణి కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకునేంతగా నవ్వింది. పక్కనున్న సభ్యుడు తన చేతిలోని సీసాను మెల్లగా బల్ల మీద పెట్టేశాడు.

"సూపర్ అమ్మా," అన్నాడు ఆకాష్. "ఇప్పుడు మీ ఓన్ స్టోరీ చెప్తారా?"

"గిదే నా స్టోరీ."

రోహిణి మెత్తగా కలగజేసుకుంది. "నాటకం చాలా బాగుందమ్మా. కాని మాకు మార్పు కనబడాలి. ఈ బృందంలోకి రాకముందు మీరెలా ఉండేవారు, ఇప్పుడెలా ఉన్నారు, అది."

"ముందు గూడ గిట్లనే ఉంటి మేడమ్. చూసెటోళ్లు లేకుండె."

సభ్యుల్లో ఇద్దరు మళ్లీ నవ్వారు. రోహిణి ఈసారి నవ్వలేదు. జయంతి వైపు తిరిగింది.

"జయంతిగారూ, రూల్ మీకు తెలుసు. మనిషి కథ లేకుండా నేను ఫైలు ముందుకు పంపలేను. ఆవిడ చెప్పకపోతే మీరు చెప్పండి. వాళ్లాయన పోయినప్పుడు మీరు పక్కనే ఉన్నారట కదా, ఆకాష్ చెప్పాడు."

కిష్టమ్మ సీసా మూత బిగించి బల్ల మీద పెట్టింది. జయంతిని చూడలేదు. జయంతి లేచి నిలబడింది.

"ఉన్నానండి. ఆ కథ మా దరఖాస్తులో ఉండదు. ఇవాళ మీరు చూసిన నాటకంతోనే ఫైలు పంపండి."